దిష్టికుండ ముందు పాడిన మనిషి

మొన్న కరీంనగర్‌లో ఒక చిన్న చానల్ వాళ్ళు రిటైరైన టీచర్ల గురించి ఏదో కార్యక్రమం చేస్తూ నన్ను పిలిచారు. కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారనుకున్నాను. కాదట, గుమ్మంలోంచి నడిచి వచ్చి ఒకచోట నిలబడి మాట్లాడాలట. కెమెరా అతను జేబులోంచి సుద్దముక్క తీసి, నల్లటి షాబాదు బండ మీద అడ్డంగా ఒక గీత, దాని మీద నిలువుగా ఒక గీత గీశాడు. కీచుమన్న ఆ చప్పుడు పళ్ళలోకి దిగింది. బతుకంతా సుద్దముక్కతోనే గడిపినదాన్ని, నాకు ఆ చప్పుడుకు ఒళ్ళు జలదరించడమేమిటో! జలదరించిన మాట మాత్రం నిజం. ఆ గుర్తు చూడగానే చెన్నూరులో లచ్చవ్వ ఇంటి పెరడు కళ్ళముందుకు వచ్చింది. ఆ పెరట్లో గీసిన ఇలాంటి గుర్తులు, వాటి మీద కాలు పెట్టడానికి జంకుతూ నిలబడ్డ జనం, ఆ గుర్తులు గీసిన అమెరికా మనిషి.

ఆయన పేరు నార్మన్. ఊళ్ళో అందరూ కోళ్ళదొర అనేవాళ్ళు. ఆయన చెప్పినదాన్ని బట్టి, వాళ్ళ దేశంలో ఆయన టెలివిజన్ నటుడు, గాయకుడు. 'ఆయన చెప్పినదాన్ని బట్టి' అన్న మాట కావాలనే రాస్తున్నాను. నేను మనుషుల్ని తొందరగా నమ్మే రకం కాదు. నాకు ఊహ తెలిసేటప్పటికి రజాకార్ల రోజులు. తలుపు తడితే ముందు గొంతు వినాలి, ఎవరో తేల్చుకోవాలి, ఆ తర్వాతే గడియ తియ్యాలి అని మా బాపు నేర్పాడు. గొంతు తెలిసినా ఒకసారి కిటికీలోంచి చూసేది మా అవ్వ. అలా పెరిగినదాన్ని, చెన్నూరు ఆడపిల్లల బడికి టీచరుగా వచ్చిన కొత్తలో, పక్కింట్లోకి ఒక తెల్లవాడు దిగితే ఎలా చూస్తానో మీరే ఊహించుకోండి.

అవి అరవైల చివరి ఏళ్ళు. ఊళ్ళల్లో కోళ్ళ పెంపకం నేర్పడానికి వాళ్ళ దేశం కొందరిని పంపింది, ఆయన వాళ్ళలో ఒకడు. తక్కినవాళ్ళు కాలేజీ వయసు పిల్లలైతే, ఈయనకు చెంపల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. ఉండడానికి లచ్చవ్వ ఇంట్లో ముందుగదులు, ఊళ్ళు తిరగడానికి ఒక జీపు ఇచ్చారు. లచ్చవ్వ నేతపని వాళ్ళ ఇంటి కోడలు, భర్త చనిపోయాక మగ్గం మూలపడింది, పిల్లలు లేరు. మగ్గం ఉన్న సాలలో ఇప్పుడు తెల్లకోళ్ళు చేరాయి. ఆమె ఆయనకు ఇంత వండిపెట్టి, కోళ్ళకు దాణా వేసి, వెనక వసారాలో పడుకునేది. నేను అద్దెకున్న ఇంటికీ ఆ ఇంటికీ మధ్య పిట్టగోడే.

ఊరికి ఆ కోళ్ళ మీదే ముందు అనుమానం. అవి గుడ్లు పెడతాయిగానీ పొదగవు. పొదగని కోడిని మనవాళ్ళు ఎక్కడ చూశారు? తరవాత ఆయన మీద. సింగరేణి బొగ్గు బావులు ఇటు బెల్లంపల్లిలో ఉన్నాయి, అటు చూస్తే గోదావరి, మధ్యలో మనల్ని చూసుకుంటూ కూర్చున్నాడంటే గూఢచారి కాక మరేమవుతాడని బడిలో సార్లు తేల్చేశారు. పోలీసు జమేదారు ఒకరోజు మా వాకిట్లో నిలబడి, ఆ దొర ఏం రాస్తాడు, ఎవరు వస్తారు, ఫొటోలు తీస్తాడా అని అడిగి, కాస్త కనిపెట్టి ఉండమ్మా అని చెప్పిపోయాడు. చెప్పకపోయినా కనిపెట్టే ఉన్నాను. ఆయన గొడుగు ఏ రోజు మరిచిపోయి వెళ్ళాడో కూడా నాకు తెలుసు.

తన సంగతి ఆయన మొదటిసారి చెప్పింది పిట్టగోడ దగ్గరే. లచ్చవ్వ గడ్డి పరిచిన గంపలో గుడ్లు సర్దుతోంది. ఆయన నాతో ఇంగ్లీషులో చెబుతుంటే నేను ఆమెకు తెలుగులో చెబుతున్నాను. వాళ్ళ నాన్నకు కోళ్ళ ఫారం ఉండేదట. ఆ కంపు భరించలేక పట్నం పారిపోయాడట. చర్చిలో నేర్చుకున్న పాట పట్టుకుని తిరగ్గా తిరగ్గా టెలివిజన్‌లో వేషం దొరికిందట. ప్రతివారం ఒక కథ వస్తుంది. అందులో ఈయన ఒక చిన్న ఊరి పోలీసు జవాను. దొంగ దొరికాక, కథ చివర, ఠాణా ముందు నిలబడి ఒక పాట పాడతాడు. ఆ పాట కోసమే ఇళ్ళల్లో జనం కూర్చునేవాళ్ళట. పాటల రికార్డులు కూడా వచ్చాయట. కొన్నేళ్ళకు ఆ కార్యక్రమం ఆగిపోయింది. అప్పటినుంచి ఏ వేషానికి వెళ్ళినా, నిన్ను చూస్తే జవానే గుర్తొస్తాడు పొమ్మన్నారట. వీధిలో కూడా ఆ జవాను పేరు పెట్టే పిలిచేవాళ్ళట. టెలివిజన్ పెట్టె లేని చోటికి పంపమని అడిగి మరీ ఇక్కడికి వచ్చాడట, మళ్ళీ కోళ్ళ దగ్గరికే.

పెట్టెలో బొమ్మలు కదలడం, పాడడం నేను పత్రికల్లో చదివానేగానీ చూడలేదు. లచ్చవ్వ చదవనూ లేదు. అంతా విని, ఒక గుడ్డును వెలుతురుకు పెట్టి చూస్తూ అంది.

"గంత మంచిగ నడుస్తుంటే ఇడిశిపెట్టి ఎవలన్న కోళ్ళకాడికి అస్తరా? ఏదో తప్పు జేసి అచ్చిండు పంతులమ్మా. పోనియ్యి, మనకెందుకు, మనిషి మంచిగనే ఉన్నడు."

నాకూ అదే అనిపించింది, చివరి మాట తప్ప.

ఆ నెలలోనే పంచాయతీ సమితి ఆఫీసులో ఏదో సభ జరిగితే, దొర పాడతాడట అని పెద్దలు ఆయన్ని లేపి నిలబెట్టారు. మా దగ్గర పాడేవాడంటే ఎలా ఉండాలి? హార్మోనియం వాడు చెమటలు కక్కాలి, రాగం తీస్తే చివరి వరసలో తుండుగుడ్డ పరుచుకుని పడుకున్నవాడు లేచి కూర్చోవాలి. ఈయన నోటి దగ్గర ఎవరో చెవి పెట్టి వింటున్నట్టు సన్నగా పాడాడు. పైగా సభలో ఒక్కరివంకా చూడలేదు. గోడ మీద ఎక్కడో ఒక మేకు వంక చూస్తూ, ఆ మేకును చూసి నవ్వుతూ పాడాడు. ముందు వరసకే సగం వినపడలేదు. గొంతే లేదు, గాయకుడట అని బయటికి వస్తూ అందరూ నవ్వుకున్నారు. నా మట్టుకు నాకు అనుమానం తీరిపోయింది. పచ్చి అబద్ధాలకోరు అనుకున్నాను.

అయితే ఆ అబద్ధాలకోరే నాకు పాఠం చెప్పడం నేర్పాడు. నా క్లాసులో పిల్లలు మాట వినేవాళ్ళు కారు. నేను అరిచేదాన్ని, వాళ్ళు అంతకంటే గట్టిగా గోల చేసేవాళ్ళు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయి, మిరియాల పాలు తాగుతూ గడపలో కూర్చునేదాన్ని. ఒకరోజు ఆయన గోడ దగ్గరికి వచ్చి, బడి పక్కనుంచి వెళ్తూ విన్నాను, మీరు నలభై మందితో మాట్లాడుతున్నారు, అందుకే ఒక్కరూ వినడం లేదు అన్నాడు. బడి పక్కన నిలబడి వినడానికి నీకేం పని అని ముందు అనుమానం వచ్చింది. ఆ మాటే అడిగాను కూడా. ఆయన నొచ్చుకోలేదు. టెలివిజన్‌లో లక్షల మంది చూస్తారని అంటారుగానీ, ఎదురుగా ఉండేది ఒక గాజు కన్ను మాత్రమే, ఆ కన్ను వెనక ఒక ఇంట్లో ఒక్క మనిషి కూర్చుని ఉన్నాడనుకుని మాట్లాడాలి, ఆ ఒక్కడికి అర్థమైతే అందరికీ అర్థమవుతుంది అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మర్నాడు మాత్రం, ఎవరికీ చెప్పకుండా, వెనక బెంచీలో కిటికీ పక్కన కూర్చునే రాజిని ఎంచుకుని, గొంతు తగ్గించి, ఆ పిల్ల ఒక్కదానికే పాఠం చెప్పాను. రాజి కొమురయ్య మనవరాలు. ఎప్పుడూ బయటికే చూసే పిల్ల. కాసేపటికి నా వైపు తిరిగింది. తతిమ్మా పిల్లలు, టీచరు రాజితో ఏం మాట్లాడుతోందోనని మెడలు సాచి వినడం మొదలుపెట్టారు. ఆ రోజు నేను మిరియాల పాలు తాగలేదు.

కృతజ్ఞత వేరు, నమ్మకం వేరు. వానలు వెళ్ళిపోయాక ఒక తెల్లవారుజామున నీళ్ళ కోసం లేచి, పిట్టగోడ మీదుగా చూద్దునుగదా, లచ్చవ్వ పెరట్లో నేలమీద సున్నంతో గీసిన అడ్డం నిలువు గుర్తులు కనిపించాయి. ఇక్కడొకటి, అక్కడొకటి, సాల గుమ్మం దగ్గరొకటి. వాటి మధ్య ఆయన నడుస్తున్నాడు. కాళ్ళ వంక చూడడం లేదు, అయినా అడుగు సరిగ్గా గుర్తు మీదే పడుతోంది. పెదాలు కదులుతున్నాయి. చివరి గుర్తు మీద ఆగి, తలెత్తి, కోళ్ళకు దిష్టి తగలకుండా లచ్చవ్వ గుంజకు కట్టిన కుండ వంక చూసి నవ్వాడు. నల్లటి కుండకు తెల్లటి సున్నపు చుక్కలు, నోరు పెద్దది చేసుకుని మనల్ని చూస్తున్నట్టు ఉంటుంది. దానివంక కళ్ళార్పకుండా చూస్తూ సన్నగా పాడాడు. మర్నాడూ అంతే. గుర్తులు దేనికని అడగబోయి ఊరుకున్నాను. ముందు చూద్దాం, తరవాత తేలుద్దాం, ఇదీ నా పద్ధతి. ఆయన కొలతలు వేస్తున్నాడా, పూజ చేస్తున్నాడా అన్నదే నాకు తేలని సంగతి.

చూసింది నేనొక్కదాన్నే కాదని తరవాత తెలిసింది. పాలు పోయడానికి వచ్చినవాళ్ళు చూశారు, కల్లుకు వెళ్ళేవాళ్ళు చూశారు. ఇంతలో ఊళ్ళో కోళ్ళకు కొక్కెర తెగులు తగిలింది. దొర ఇచ్చిన తెల్లకోళ్ళు, నాటుకోళ్ళు అన్నీ మెడలు వాల్చేశాయి. విచిత్రమేమంటే లచ్చవ్వ ఇంట్లోవి చావలేదు. వాటికి ఆయన ముందే సూదులు వేశాడు, ఊళ్ళో వాళ్ళు మాత్రం మా కోళ్ళకు సూదులేమిటని వద్దన్నారు. అది ఎవరికి గుర్తుంటుంది? ఆపైన రాజి జబ్బు పడింది. జ్వరం దిగదు, పలవరింతలు, అన్నం సయించదు. కొమురయ్య నలుగురిలో మాట చెల్లే రైతు, మనవరాలంటే ప్రాణం. మంత్రగాడు వచ్చి విభూతి పెట్టి, మీ ఊళ్ళో ఒక ముండమోపి పెరట్లో తెల్లగీతలున్నాయి చూసుకోండి అన్నాడట. ఇక ఊరంతటికీ ఒకటే మాట, లచ్చవ్వ బాణామతి చేస్తోందని. దొర కుండకు మొక్కడం కూడా ఆమె నేర్పిన విద్యేనన్నారు.

బాణామతి అన్న మాట ఆ రోజుల్లో మా దిక్కున ఎంతటిదో చెప్పకపోతే మీకు తెలియదు. ఆ చేతబడి పేరు పడిన మనిషి నోట మంత్రం పలక్కూడదని పళ్ళు రాలగొట్టేవాళ్ళు. అలా బోసినోటితో, చీర చెంగు అడ్డం పెట్టుకుని బతికిన ఒక ముసలామెను నేను లక్సెట్టిపేట సంతలో చూశాను. పొద్దున్నే జనం లచ్చవ్వ ఇంటి ముందు చేరినప్పుడు, ఒకడి చేతిలో మేకులు పీకే పట్టకారు కనిపించింది. నేను గోడ దాటి వెళ్ళాను.

లచ్చవ్వ సాల గుమ్మానికి ఆనుకుని నిలబడింది. జనం పెరట్లోకి వచ్చారుగానీ గుర్తుల దాకా వచ్చి ఆగిపోయారు. దాటితే ఏమవుతుందోనని ఎవరి భయం వాళ్ళది. ఆ గీతలే కాసేపు ఆమెను కాపాడాయి. కోళ్ళ దగ్గర ఉన్న నార్మన్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఏం జరుగుతోందని నన్ను అడిగాడు. ఆయన గీసిన గీతల వల్ల ఆమె పళ్ళు ఊడబోతున్నాయని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ముఖం సున్నంలా అయిపోయింది.

"ఈ గుర్తులు నావి. ఆమెవి కావు," అన్నాడు, పుస్తకంలో నేర్చుకున్న తెలుగులో.

"దొరా, నువ్వు పక్కకు జరుగు," అన్నాడు కొమురయ్య. "ఉప్పు తిన్న ఇల్లని ఆమెను కాపాడ జూస్తున్నవు. నీయి అయితే గీతలతోని నీకేం పని?"

ఆయన చెప్పాడు. నేను తెలుగు చేశాను. టెలివిజన్‌లో నటుడు ఎక్కడ ఆగాలో నేలమీద గుర్తు పెడతారట, కాళ్ళవంక చూడకుండా దానిమీదికి రావాలట, కుండను కెమెరా అనుకుంటాడట. చెబుతున్నకొద్దీ నాకే అది అబద్ధంలా వినిపిస్తోంది. నేనే నమ్మనిదాన్ని వాళ్ళను ఎలా నమ్మించను? ఎవరో నవ్వారు. పట్టకారు పట్టుకున్నవాడు అటు చుట్టూ తిరిగి, గుర్తులు లేని పక్కనుంచి లచ్చవ్వ వైపు కదిలాడు.

అప్పుడు నార్మన్ గబగబా వెళ్ళి గుంజకున్న దిష్టికుండను విప్పి కింద పెట్టాడు. సాలలోంచి పీట తెచ్చి ఆ గుంజ దగ్గర వేశాడు. కొమురయ్యను చెయ్యి పట్టుకుని తెచ్చి దానిమీద కూర్చోబెట్టాడు. కొమురయ్య విదిలించుకోలేదు, దొర చెయ్యి పట్టుకుంటాడని అనుకోలేదు కాబోలు. తరవాత ఆయన పెరటి తడిక దాకా వెళ్ళి ఇటు తిరిగాడు. తిరిగేసరికి మా కోళ్ళదొర లేడు. ఎవరో పోలీసు జవాను నడిచి వస్తున్నాడు. నడుముకు లేని బెల్టు సర్దుకున్నాడు, తలకు లేని టోపీ తీసి చంకన పెట్టుకున్నాడు. మొదటి గుర్తు మీద ఆగి ఎవరితోనో పరాచికమాడాడు. రెండో గుర్తు మీద దొంగను నిలదీశాడు. ఒక్క మాట అర్థం కాకపోయినా, దొంగ ఎటు నిలబడ్డాడో అందరికీ తెలిసింది, అటువైపున్న వాళ్ళు జరిగారు. ఒక్కసారి కూడా కాళ్ళ వంక చూడలేదు. ఒక్క అడుగూ తప్పలేదు. చివరి గుర్తు మీదికి వచ్చి, కొమురయ్య కళ్ళలోకి చూసి నవ్వి, పాట ఎత్తుకున్నాడు. సభలో పాడినంత సన్నగానే పాడాడు. కానీ ఆ రోజు మేకును చూసి పాడాడు, ఈ రోజు మనిషిని చూసి. జనం మాట్లాడడం మానేసి ముందుకు వంగారు. గుర్తుల సంగతే మరిచిపోయారు. పట్టకారు వాడు ఒక గుర్తు మీదే నిలబడి వింటున్నాడు. కొమురయ్య కళ్ళు తిప్పుకోలేకపోయాడు. పాట అయ్యాక ఆ ముసలాయన పీట మీద ముందుకు జరిగాడు.

"గీ పాట నాకేనా పాడింది?" అని అడిగాడు.

"మీకే," అన్నాడు నార్మన్.

కొమురయ్య లేచాడు. దగ్గర్లో ఉన్న గుర్తు మీద కుడికాలు పెట్టి, కాసేపు నిలబడి చూసుకున్నాడు. ఏమీ కాలేదు. తుండుగుడ్డతో ముఖం తుడుచుకుని అన్నాడు.

"ఆట మంచిగున్నది దొరా. గని, లేని దొంగను సుత చూపెట్టినవు. గింత నమ్మిచ్చెటోడివి, మిగిలిన మాటలు మేం ఎట్ల నమ్మాలె?"

నా కడుపులో మాట ఆయన నోట వచ్చింది. నన్ను నమ్మవద్దు, పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్దాం, జీపు ఉంది అన్నాడు నార్మన్. కొమురయ్య లచ్చవ్వ వంక చూశాడు, పట్టకారు వంక చూశాడు, తల దించుకుని, "జీపు తియ్యి," అన్నాడు. రాజిని నా ఒళ్ళో పడుకోబెట్టుకుని బెల్లంపల్లి తీసుకెళ్ళాం. పిల్ల బతికింది. మందులు పనిచేశాయని డాక్టరు అన్నాడు. బాణామతిని దొర పాటతో తిప్పికొట్టాడని ఊరు అంది. అనుమానం ఎక్కడికీ పోలేదు, వేషం మార్చుకుంది. కానీ లచ్చవ్వ జోలికి ఎవరూ రాలేదు.

ఆయన వెళ్ళిపోయే ముందు, ఇక ఊరుకోలేక, ముఖం మీదే అడిగాను. నిజంగా నటుడివేనా, లేక ఏదో కనిపెట్టడానికి వచ్చి నటిస్తున్నావా అని. అదంతా మానేసి వచ్చానన్నవాడివి తెల్లవారుజామున ఆ పాటలెందుకు అని కూడా. మానడం చేతకాలేదు, అందుకే ఎవరూ చూడనప్పుడు పాడాను అన్నాడు. మా దేశంలో అందరూ నన్ను నమ్మారు, జవాను అని నమ్మారు, నన్ను మాత్రం ఎవరూ చూడలేదు, మీరు నమ్మలేదు కాబట్టి రోజూ చూశారు, అది నాకు బాగుండేది అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. వచ్చిందిగానీ, ఇది కూడా ఆ పెట్టెలో చెప్పిన మాటేనేమో అన్న అనుమానం ఆ ఏడుపులోనే ఉంది. ఇప్పటికీ ఉంది. ఆయన నటించిన కథ నేను ఎక్కడా చూడలేదు. మనవడు ఫోనులో వెతికి పెడతానంటే వద్దన్నాను.

లచ్చవ్వ బతికున్నన్నాళ్ళూ ఏడాదికోసారి చెన్నూరు వెళ్ళి చూసి వచ్చేదాన్ని. పెరడంతా పేడతో అలికేది, ఆ చివరి గుర్తును మాత్రం వదిలేసేది. చెరిగిపోతే మళ్ళీ సున్నంతో తనే దిద్దేది. ఇదేమిటి, మళ్ళీ ఊరు చూస్తే అని ఒకసారి భయపెట్టాను. ఆమె నిండు నోటితో నవ్వింది, ఆ వయసుకూ ఒక్క పన్నూ ఊడలేదు.

"చూడనియ్యి బిడ్డా. నా పండ్లు నిలవడ్డ జాగ గిది."

కెమెరా అతను చెయ్యి ఊపాడు. నేను గుమ్మంలోంచి నడిచి వచ్చాను. పక్కన గొడుగు మరిచిపోయిన ఒక మనిషి నడుస్తున్నాడనుకున్నాను. కాళ్ళ వంక చూడలేదు. సుద్దగుర్తు మీద ఆగాను. తలెత్తి ఆ గాజు కన్నులోకి చూశాను. దాని వెనక పీట మీద లచ్చవ్వను కూర్చోబెట్టుకున్నాను. గొంతు తగ్గించి ఆమె ఒక్కదానికే చెప్పాను. అయ్యాక ఆ అబ్బాయి కెమెరా దించి, నా కాళ్ళ వంకా, గుర్తు వంకా, నా ముఖం వంకా చూశాడు.

"మేడం, ఇంతకుముందు మీరు టీవీల చేసిండ్రు గదా?"

"లేదు నాయనా, నేను టీచర్ని," అన్నాను.

అతను నవ్వాడుగానీ నమ్మలేదు. వైర్లు చుట్టుకుంటూ వెళ్ళేదాకా నన్ను ఓరగా చూస్తూనే ఉన్నాడు. నాకు అది ఎంతో బాగుంది.